సుద్దముక్క మీద గురి

3, సోమవారం

పాలు, బ్రెడ్డు, అన్నయ్య మాత్రలు రెండు అట్టలు.

వదిన పొద్దున్నే వాళ్ళ అక్కగారింటికి వెళ్ళింది. నెలాఖరుకి వస్తుంది. ఆటో ఎక్కే ముందు ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో చెప్పబోతే "నాకు తెలుసు" అన్నాను. "తెలిస్తే మంచిదే" అని మాత్రల పెట్టె నా చేతిలో పెట్టింది. ఆటో మలుపు తిరిగేదాకా తల తిప్పలేదు.

మొన్నటి గొడవ ఇంకా ఇంట్లోనే ఉన్నట్టుంది. అన్నయ్యని రోగుల్ని చూసుకునే హోమ్‌లో చేర్పిద్దామంది వదిన. పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయింది. కుడివైపు పని చేయదు, మాట ముద్దగా వస్తుంది, బుర్ర మాత్రం ఎప్పటిలాగే పదును. అలాంటి మనిషిని జీతగాళ్ళ చేతుల్లో పెడతారా అన్నాను. "పెళ్ళామా, పిల్లలా, నీకేం తెలుస్తుంది?" అంది. "నీకు చేతకాకపోతే చెప్పు, నేను చేస్తాను" అన్నాను. వదిన కాసేపు నా మొహంలోకి చూసి, "సరే. ఒక నెల చెయ్యి" అంది. హోమ్ వాళ్ళు నెలాఖరు దాకా మంచం అట్టిపెడతామన్నారట.

అంత గొడవ జరుగుతుంటే అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

చేస్తాను. కుట్టు మిషన్లు బాగుచేసే పని కూడా నాకెవరూ నేర్పలేదు.

4, మంగళవారం

బాగానే గడిచింది.

6, గురువారం

సబ్బులు, డెట్టాలు, పాత బట్టలు చింపి గుడ్డలు చేశాను.

పొద్దున లేపి కూర్చోబెట్టడం, మొహం కడగడం, బాత్రూముకి తీసుకెళ్ళడం. ఆ గుమ్మం దగ్గర మెట్టు ఒకటుంది. ఇన్నేళ్ళూ ఆ మెట్టుందని నాకు తెలీదు. అన్నయ్య బరువంతా నా ఎడమ భుజం మీద వేసి, ఎడమ కాలు ఎత్తి, కుడి కాలు ఈడుస్తాడు. ఆ తర్వాత ఇడ్లీ ముక్కలు చేసి పెట్టాలి, లేకపోతే పొలమారుతుంది. ఏదన్నా కావాలంటే చెంచాతో గ్లాసు మీద కొడతాడు. నీళ్ళకి కొడతాడు, దుప్పటికి కొడతాడు, ఫ్యాను తగ్గించమని కొడతాడు, పెంచమని కొడతాడు.

ముందు గదిలో నా దుకాణం ఇవాళ కూడా మధ్యాహ్నమే మూశాను. వీధి చివర టైలరమ్మ వచ్చి, "నా మిషన్ పిల్లగా ఉన్నప్పుడు రిపేరుకిచ్చాను, ముసలిదయ్యాక ఇచ్చేలా ఉన్నావు" అంది. రేపు ఇస్తానన్నాను.

నాకేం అలుపు లేదు.

8, శనివారం

టైలరమ్మ మిషన్ అవ్వలేదు. బాగానే గడిచింది.

9, ఆదివారం

మంచం మీద వేసే రబ్బరు షీటు పాతది ఉండాలని అటక ఎక్కాను. షీటు దొరకలేదు. పాత దుప్పట్లో చుట్టి అన్నయ్య ఎయిర్ గన్ దొరికింది.

అన్నయ్య కాగితాల గోడౌన్‌లో పనిచేసే రోజుల్లో ఎలుకల కోసం కొన్నది. స్ప్రింగు తుపాకీ. గొట్టాన్ని మధ్యలో కీలు దగ్గర విరిచి కిందికి లాగితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. తెరుచుకున్న గొట్టం మొదట్లో సీసం గుండు ఒకటి పెట్టి మూస్తే, పేలడానికి సిద్ధం. మందుగుండు ఏమీ ఉండదు, గాలే. నాకు పదిహేనేళ్ళప్పుడు ఆదివారాలు గోడౌన్‌కి తీసుకెళ్ళేవాడు. ఎలుకల్ని వాడు కొట్టేవాడు, నేను ఖాళీ డబ్బాల్ని కొట్టేవాణ్ణి.

చెక్క మీద గీతలు, గొట్టం మీద తుప్పు. తుడుస్తుంటే వెనక నుంచి గ్లాసు మోగింది.

"అది... ఎందుకు దించావు?"

"షీటు కోసం ఎక్కితే కనపడింది."

"నా మీద... ప్రయోగమా?"

"నీ మీదెందుకు, గుండు దండగ" అన్నాను.

మూతి వంకర పోయింది. నవ్వాడో, మూతి సహజంగానే వంకరో, ఇప్పుడు చెప్పడం కష్టం.

10, సోమవారం

సీసం గుళ్ళ డబ్బా ఒకటి, సుద్దముక్కలు ఒక పెట్టె.

మధ్యాహ్నం అన్నయ్య నిద్రపోయాక పెరట్లోకి వెళ్ళాను. ఇటుకల గోడకి పాత పరుపు ఆనించి, దాని ముందు స్టూలు వేసి, స్టూలు మీద సుద్దముక్కలు నిలబెట్టాను. నీళ్ళ తొట్టె దగ్గర నుంచి కొట్టాను. ఒక్కటీ తగల్లేదు. పరుపులో దూది మాత్రం లేచింది.

చివరికొకటి తగిలింది. సుద్ద పగిలి ముక్కలవలేదు, తెల్లటి పొగై పోయింది. ఉన్న చోట లేకుండా పోయింది. నాకు నవ్వొచ్చింది. పెరట్లో ఒక్కణ్ణే నిలబడి నవ్వాను. ఆ శబ్దం కొత్తగా అనిపించి లోపలికి వచ్చేశాను.

12, బుధవారం

దొరికిపోయాను. టప్ అన్న శబ్దానికి లేచి వింటున్నాడట.

"తగల్లేదు" అన్నాడు, నేను లోపలికి రాగానే.

"నువ్వు చూడలేదుగా."

"వింటే తెలుస్తుంది. తగిలితే... శబ్దం పొట్టిది. నీది పొడుగ్గా ఉంది." కాసేపు ఊపిరి తీసుకుని, "కుర్చీ... గుమ్మం దగ్గరికి లాగు" అన్నాడు.

లాగాను. కంఠం దాకా దుప్పటి కప్పుకుని, న్యాయమూర్తిలా కూర్చున్నాడు. రెండు కొట్టాను, రెండూ పోయాయి.

"ఒరేయ్ సూదీ!" మిషన్ పని మొదలుపెట్టిన రోజు నుంచి వాడు నన్ను పిలిచే పేరు అది. "దాని పీక పిసుకుతున్నావేంట్రా?"

"గట్టిగా పట్టుకోకపోతే కదులుతుంది."

"కదలనీ. స్ప్రింగు తుపాకీ... కదుల్తుంది. నువ్వు ఆపితే... అది ఇంకోవైపు కదుల్తుంది. అరచేతిలో పడుకోబెట్టు, చాలు. వేళ్ళు మూయకు."

ఎడమ అరచెయ్యి తెరిచి, దాని మీద చెక్కని ఊరికే ఉంచాను. బుగ్గ తేలిగ్గా ఆనించాను. ఊపిరి సగం వదిలి ఆపాను. ట్రిగ్గర్ మీద వేలు లాగినట్టు కాకుండా, గుర్తొచ్చినట్టు.

సుద్ద పోయింది.

"ఊఁ" అన్నాడు అన్నయ్య. వాడి దగ్గర అది బిరుదు.

13, గురువారం

ఇవాళ్టి సంగతి రాసుకోవాలనిపించింది. ఎందుకో తెలీదు.

తుపాకీ విరిచి మూసినప్పుడు టక్కుమని అతుక్కుంటుంది. మిషన్ సూది సరిగ్గా కూర్చున్నప్పుడు వేలికి తెలుస్తుంది చూడు, అలాగ. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు ముందుకు దూకుతుంది, తుపాకీ మొదట వెనక్కీ, తర్వాత ముందుకీ ఊగుతుంది. ఇదంతా జరిగేటప్పటికి గుండింకా గొట్టంలోనే ఉంటుందట. అందుకే ఎలా పట్టుకున్నామన్నదాన్ని బట్టి అది పోయే దారి ఉంటుంది. ఎప్పుడు పట్టుకున్నా ఒకేలా, వదులుగా పట్టుకోవాలి. తర్వాత పని దానిది.

ముందు అన్నిటికంటే పెద్ద సుద్దముక్క. తర్వాత సగం ముక్క. తర్వాత అన్నయ్య టానిక్కు సీసా మూత. తర్వాత దారానికి కట్టి వేలాడదీసిన గుండీ. గుండీ గాలికి తిరుగుతుంది, నా వైపు మొహం పెట్టినప్పుడు కొట్టాలి. కొట్టాను. ఆ గుండీ తగిలాక దారం ఒక్కటే ఊగుతుంటే, భుజం నొప్పి సంగతి, ఉతకాల్సిన దుప్పట్ల సంగతి, టైలరమ్మ సంగతి ఒక్కటీ గుర్తు లేవు. నా వయసెంతో కూడా గుర్తు లేదు. చూపు చివర గొట్టం మీది గురి ముల్లు, దాని అవతల ఆ చుక్క. మధ్యలో ఎవరూ లేరు.

అరగంట. అంతే.

15, శనివారం

వదిన ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నారు?"

"బాగున్నాం."

"తింటున్నాడా?"

"బాగా తింటున్నాడు."

"నువ్వు?"

"నాకేం, రాయిలా ఉన్నాను."

"నేను పద్దెనిమిది గంటలు నిద్రపోయాను మొదటి రోజు. మా అక్క బతికే ఉన్నానా అని వచ్చి చూసిందట" అంది. ఫోను అన్నయ్యకిచ్చాను. వాడు వింటూ "ఊఁ, ఊఁ" అని, చివర్లో "వీడు నాకంటే ముందు పోయేలా ఉన్నాడు" అన్నాడు. ఫోను లాక్కున్నాను.

17, సోమవారం

మిషన్ ఆయిల్ కొత్త సీసా.

ఇవాళ ఇంటిల్లిపాదికీ పై ప్రాణాలు పైనే పోయాయి. తుపాకీ విరిచేటప్పుడు కీచుమంటోంది. కీచుమన్నదానికి నూనె వెయ్యకుండా ఉండడం నా చేతుల్లో లేదు, ముప్పై ఏళ్ళ అలవాటు. మిషన్ ఆయిల్ సీసా ముక్కు పెట్టి గాలి వచ్చే చిల్లులోకి నాలుగు చుక్కలు వేశాను. మిషన్‌కి వేసినట్టే, మనసారా.

గురి చూసి నొక్కాను. ఢాం! తుపాకీ కాదు, ఫిరంగి. గొట్టం ముందు నుంచి తెల్లటి పొగ. గోడ మీద పిల్లి ఎటు దూకిందో కనపడలేదు. పక్కింటి రిటైర్డ్ మాస్టారు లుంగీ ఎగ్గట్టుకుని గోడ మీంచి తల పెట్టి, "ఏమయ్యా, గ్యాసు పేలిందా?" అని కేక.

"లేదండీ, నూనె వేశాను."

"నూనె వేస్తే పేలిందా? వంటింట్లోనా?"

వెనక నుంచి ఏదో వింత శబ్దం. అన్నయ్య ఉక్కిరిబిక్కిరవుతున్నాడనుకుని పరిగెత్తాను. నవ్వుతున్నాడు. కుర్చీలో పక్కకి ఒరిగిపోయి, ఎడమ చేత్తో తొడ మీద కొట్టుకుంటూ, కళ్ళ వెంట నీళ్ళు. ఏడాదిన్నర తర్వాత.

"దానికి... నూనె... వెయ్యకూడదురా! గాలి నొక్కుకుని వేడెక్కి... నూనె అంటుకుంటుంది. నీకు... నీకు కనపడితే... దోమకి కూడా వేస్తావు..."

నేనూ అక్కడే గడప మీద కూర్చుని నవ్వాను. మాస్టారు మమ్మల్ని చూసి, మా ఇంట్లో ఇద్దరు రోగులనుకుని వెళ్ళిపోయాడు.

నయమవుతోంది. ఇంట్లో ఉంటేనే కదా ఇది. వదినకి చెప్పాలి.

18, మంగళవారం

మళ్ళీ నూనె వేశాను. కావాలనే, రెండు చుక్కలు.

ఢాం అంది. పొగ వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను.

"రోజూ అదే నాటకమా" అన్నాడు. మొహం తిప్పుకున్నాడు.

స్ప్రింగు శబ్దం మారింది. లోపల ఏదో గీసుకుంటోంది.

20, గురువారం

వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. అన్నయ్య చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ, నా వైపు చూసి, "అంకుల్, మీరు ఎప్పుడు పడుకున్నారు?" అంది. సరిగ్గా గుర్తు రాలేదు. అన్నయ్యకి చెయ్యి కొంచెం మెరుగుపడిందా అని అడిగాను. "అలాగే ఉంది" అంది. చాలా మర్యాదగా చెప్పింది.

టైలరమ్మ వచ్చి మిషన్ తీసుకెళ్ళిపోయింది. ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది.

22, శనివారం

అన్నయ్య జారాడు. పెద్ద దెబ్బేం కాదు. నుదుటి మీద బొప్పి.

23, ఆదివారం

కాంపౌండర్ వచ్చి చూశాడు. ఎముకలు బాగానే ఉన్నాయట. నుదురు నల్లబడింది.

నిన్న రాసింది సరిగ్గా లేదు.

అన్నయ్య కుర్చీలో కునుకు తీస్తున్నాడని మంచం మీదికి చేర్చి, పెరట్లోకి వెళ్ళాను. స్ప్రింగు బలం తగ్గినా, దాని కొత్త నడకకి అలవాటు పడ్డాను, కొంచెం పైకి చూసి కొడుతున్నాను. లోపల గ్లాసు మోగింది. విన్నాను. ఇంకొక్కటి కొట్టి వెళ్దామనుకున్నాను. కొట్టాను. మళ్ళీ మోగింది. ఇంకొక్కటి. మూడోసారి గ్లాసు పడిపోయి దొర్లిన శబ్దం వచ్చింది. అప్పటికే నేను గుండు పెట్టి తుపాకీ మూసేశాను. పెట్టాను కదా అని గురి చూశాను. చెయ్యి ఏమాత్రం వణకలేదు. సుద్ద మొత్తంగా పోయింది. ఇన్ని రోజుల్లో అంత బాగా తగిలింది ఇంకోటి లేదు.

ఆ తర్వాత పడ్డ శబ్దం.

బాత్రూము మెట్టు దగ్గర బోర్లా పడి ఉన్నాడు. తనంతట తానే గోడ పట్టుకుని అంత దూరం వచ్చాడు. నేను లేపుతుంటే, "తగిలిందా?" అని అడిగాడు. వెటకారం లేదు. మామూలుగానే అడిగాడు.

"తగిలింది" అన్నాను.

24, సోమవారం

పాలు. ఇంకేం కొనలేదు. తుపాకీ దుప్పట్లో చుట్టి పక్కన పెట్టాను.

ఇడ్లీ తినిపిస్తుంటే అన్నయ్య చెంచా నెట్టేసి, "దాన్నెందుకు చుట్టావు?" అన్నాడు.

"చాల్లే."

"దానివల్ల... పడలేదు నేను. ఆగలేక లేచాను. పడ్డాను." "నన్ను మీ వదిన కొట్టింది, తెలుసా" అన్నాడు.

చెంచా ప్లేటులో పెట్టాను.

"పక్క మార్చి, మార్చి... మూడోసారి తడిపాను. తెల్లారలేదు ఇంకా. చెంప మీద కొట్టింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం. పొద్దున నేనే చెప్పాను... హోమ్‌కి ఫోన్ చెయ్యమని."

"నువ్వా?"

"నేనే. అది వద్దంది. వారం రోజులు బతిమాలాను."

"మరి నేను అంత గొడవ చేస్తుంటే, వదిన్ని చేతకానిదానివంటుంటే, గోడవైపు తిరిగి పడుకున్నావే! ఒక్క మాట చెప్పొచ్చుగా!"

మూతి తుడవమని గడ్డం ముందుకు పెట్టాడు. తుడిచాను.

"నాకోసం ఒకడు... పోట్లాడుతున్నాడు కదా" అన్నాడు. "వినడానికి బాగుందిరా."

26, బుధవారం

ఏమీ లేదు.

27, గురువారం

మళ్ళీ కొట్టమని అన్నయ్య పెట్టే గోల భరించలేక తుపాకీ తీశాను. ముందు వాడి మంచం దగ్గర పని అంతా చేసి, అడిగి వెళ్ళాను. అడిగి వెళ్ళి కొట్టడంలో ఆ మొదటి సుఖం లేదు. అయినా కొట్టాను. కొన్ని తగిలాయి.

వదిన ఏడాదిన్నర ఏం కొట్టింది? ఏ పెరట్లోకి వెళ్ళింది? అరగంట ఎవరిచ్చారు? నేను ముందు గదిలోనే ఉండేవాణ్ణి. మిషన్ శబ్దంలో గ్లాసు వినపడేది కాదు. వినపడేది కాదనే అనుకుంటూ వచ్చాను.

29, శనివారం

వదిన వచ్చింది. మొహం నిండింది, కళ్ళ కింద నలుపు పోయింది. వస్తూనే చెప్పులు విప్పకుండా అన్నయ్య గదిలోకి వెళ్ళి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, నా వైపు తిరిగింది. చెప్పాను. తుపాకీ సంగతీ చెప్పాను, గ్లాసు సంగతీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. వినేసి వంటింట్లోకి వెళ్ళింది.

కాఫీ ఇస్తూ, "ఎక్కడికీ పంపొద్దు" అంది.

"ఏంటి?"

"మా అక్కగారింట్లో పడుకుని అదే ఆలోచించాను. నువ్వు నెల చేశావు. ఇద్దరం చెరి సగం చేసుకుంటే ఎందుకవ్వదు? నాదే తొందర. నువ్వన్నదే నిజం."

నేను ఈ నెలంతా ఎదురుచూసిన మాట. ఇలా అనిపించుకోవాలనే మొదటి రోజు మాత్రల పెట్టె చేతిలోకి తీసుకున్నాను. అవునని తలూపితే చాలు. అందరి ముందూ నేను మంచివాణ్ణి. లోపలి గదిలో చప్పుడు లేదు. వాడు వింటున్నాడని తెలుసు.

"నా వల్ల కావట్లేదు వదినా" అన్నాను.

కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"సగం కూడా కాదు. ఇంకో నెల చేస్తే నేను వాణ్ణి కొడతాను. పడ్డ రోజే సగం కొట్టినట్టు. వాడు నీకు చెప్పిందే సరైంది. నాకూ చెప్పాడు."

వదిన ఉలిక్కిపడింది. ఏం చెప్పాడో తనకి అర్థమైంది. చెంగుతో మొహం తుడుచుకుంది. "ఇదే మాట నేనన్నప్పుడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచావు నువ్వు" అంది.

"అరిచాను."

"నేను కూడా ఇంత నెమ్మదిగా అని ఉంటే వినేవాడివా?"

"వినేవాణ్ణి కాదు."

"అదీ నిజమే" అంది. లేచి, "మంచం అట్టిపెట్టారో లేదో కనుక్కో" అని ఫోను నా చేతిలో పెట్టింది.

లోపల నుంచి అన్నయ్య, "కిటికీ పక్క మంచం అడగరా" అన్నాడు.

2, మంగళవారం

అన్నయ్యని చేర్పించి వచ్చాం. కిటికీ పక్క మంచం ఖాళీ లేదు. గోడ పక్కది ఇచ్చారు. పక్క మంచం ఆయన బస్సు డ్రైవరట, వచ్చిన పది నిమిషాలకే ఇద్దరూ ఫ్యాను గురించి వాదించుకోవడం మొదలుపెట్టారు. ఆయాలు ఇద్దరు అన్నయ్యని అవలీలగా లేపి కూర్చోబెట్టారు. నాకు నామోషీగా అనిపించింది, హాయిగానూ అనిపించింది.

బయల్దేరుతుంటే వదిన వాడి కాలర్ సర్దింది, సర్దిన కాలర్‌నే మళ్ళీ సర్దింది. అన్నయ్య ఆవిడ చేతిని పక్కకి నెట్టలేదు.

నాతో మాత్రం, "రోజూ రాకు. రోజూ వస్తే... నువ్వే ఇక్కడ ఉన్నట్టుంటుంది" అన్నాడు.

ఇంటికొచ్చి భోజనం చేశాను. దుకాణం తెరవలేదు. మధ్యాహ్నం నడుం వాల్చాను. లేచేసరికి చీకటి పడింది, వదిన దీపం వేసి, వంట చేసి, తన గదిలో పడుకుంది. నన్ను ఎవరూ లేపలేదు. నిద్ర పూర్తిగా వదిలాక కూడా, ఎవరైనా పిలుస్తారేమోనని కాసేపు అలాగే పడుకుని ఉన్నాను.